కాన్పు అర్రల ఎవలుండాలె

“నానమ్మా, నాన్న పుట్టినప్పుడు నీ దగ్గర ఎవలుండిరి?”

ఎవలుండిరి అని అడుగుతవేంది బిడ్డా, ఎవలు లేకుండిరో అడుగు, గది చెప్పుడు అల్కగుంటది. నన్ను కన్న మా అవ్వ ఉన్నది, మా పెద్దమ్మ ఉన్నది, పక్కింటోళ్లున్నరు, మా అత్త సుత ఎడ్లబండి కట్టిచ్చుకొని ఉరికొచ్చింది. ఆగు, ఇక్కడికెంచి ఎడ్లబండి గాదు. నందిపేట్ దాక బస్సు, ఆడికెంచి బండి. అవు, గంతే. గా ఫోను జర దూరం పెట్టు, మూతికాడ పెడితే నాకు మాట వస్తలేదు. రికార్డ్ అయితున్నదా? అయితే కానీ.

ఇంట్ల పెద్దోళ్ల కాన్పు ముచ్చట్లు అడుగుమని గా స్వప్న చెప్పిందా? మంచిగనే చెప్పింది. మంచి పిల్లనే అనిపిచ్చింది నాకు. మొన్న ఇంటికొస్తే ముందుగాల నర్సమ్మ అనుకున్న. మోకాళ్ల నొప్పులకు గోళీలు అడుగుదామని కుర్చీ సుత దగ్గరికి జరుపుకున్న. నర్సు గాదట, కాన్పు చేసుడు గామె పని గాదట. నొప్పులు లేసినకాంచి బిడ్డ బయటపడేదాక పక్కన ఉండి, నడుము రుద్ది, ఊపిరి ఎట్ల తీసుకోవాల్నో చెప్పి, భయం కాకుంట చూస్తదట. గట్లాంటోళ్లను డౌలా అంటరని నువ్వే చెప్తివి. ఫోన్ల ఎతికి ఎతికి నిజామాబాద్‌ల పట్టినవ్ గామెను. నిన్ను గంత పెద్ద రబ్బరు బాలు మీద కూసుండవెట్టి అటు ఇటు ఊపుతుంటే నాకు మస్తు నవ్వొచ్చింది పో. నిండు పొట్టతోని బాలు ఎక్కిన పిల్లను నా పుట్టువుల చూడలే. మీ అమ్మ అయితే దిష్టి తీస్తనని లోపటికి ఉరికింది.

నీ తయారు సుత చూస్తనే ఉన్న. బ్యాగు సదిరినవ్. బిడ్డకు మెత్తటి పాత చీరె గుడ్డలు ఉతికి ఎండవెట్టినవ్. కారు మాట్లాడినవ్, గాయన రాకుంటే ఇంకొకాయన అని సుత అనుకున్నవ్. రక్తం గావాల్సొస్తే ఎవలిస్తరో అడిగి పెట్టుకున్నవ్. ఆర్మూర్‌ల ఇంటిపక్క దవాఖాన ఉండంగ నిజామాబాద్ దాక ఎందుకే అని నేనంటే, “నాకు బీపీ ఎక్కువుంటున్నది నానమ్మా, చిన్నపిల్లల డాక్టరు పక్కనే ఉన్నకాడ కాన్పు కావాలె అన్నరు” అంటివి. ఇగ నేనేమంట? మా కాలంల గిదంత ఎవలకెర్క. నెల నిండిందా, తల్లిగారింటికి పో, కూసో. గంతే మా ఏర్పాటు.

అన్ని మంచిగ చేసుకున్నవ్ గాని ఒక్కకాడ ఆగిపోయినవ్. కాన్పు అర్రలకు ఒక్కలనే రానిస్తం, మొగోళ్లైనా సరే ఆడోళ్లైనా సరే, ఎవలో ముందుగాలనే చెప్పుమన్నది డాక్టరమ్మ. ఇగ లేసింది లొల్లి. తొలుసూరు కాన్పు తల్లిది, నేనే పోత అంటది మీ అమ్మ. మా ఇంటి బిడ్డ, నేను లేకుంట ఎట్ల పుడ్తది అంటది మీ అత్త. వియ్యపురాండ్లిద్దరు నిన్న నా ముంగటనే చాయ్ కప్పులు పట్టుకొని మొకాలు అటొకలు ఇటొకలు తిప్పుకున్నరు. స్వప్న ఏమో, “నన్ను పిలిస్తే నేనొస్త, లేకుంటే ఎవలొస్తరో వాళ్లకు అన్ని నేర్పిస్త, ఇంటికాడ నొప్పులప్పుడు తోడుంట” అన్నది. నీ మొగడు నరేష్ చెప్పులేసుకొని బయటికి పోయిండు. నువ్వు అన్నంల ఏళ్లు పెట్టుకొని కూసున్నవ్, ముద్ద ఎత్తలే. చూసిన నేను. కండ్లు పోయినయ్ అనుకుంటరు మీరందరు, గాని చూసిన.

గందుకే చెప్త. ఇను.

మీ నాయిన నాకు తొలుసూరు. తల్లిగారింట్లనే కాన్పు. నందిపేట్ దాటినంక లోపటి ఊరు మాది, నువ్వు చిన్నగున్నప్పుడు పోయినం గదా, గోదారి గాలి కొడ్తదని స్వెటర్ ఏసుకున్నవ్. పసుపు పనుల కాలం. ఉడకవెట్టుడు, ఎండవెట్టుడు అన్ని అయినయ్. కొమ్ములను మెరిసేదాక రుద్ది, సంచులల్ల నింపి, మూతులు కుట్టి వాకిట్ల నిలవెట్టిండ్రు. గా ఏడు ధర మంచిగున్నదని మా నాయిన మస్తు ఉషారు మీదుండె. మంచి ధర పలికితే నా బిడ్డకు, అంటే నాకు, బాలింత మంచం కొత్తది చేపిస్త అంటుండె. బండ్లు మాట్లాడనీకి పొద్దుగాలనే పోయిండు. ఆయిన అటు పోయిండు, ఇటు నాకు నొప్పులు లేసినయ్.

మంత్రసాని ఏరే ఊరికి పోయింది. ఇగ ఆడోళ్లందరు అర్రలకు వచ్చిండ్రు. చిన్న అర్ర బిడ్డా, ఒక కిటికీ, గది సుత మూసిండ్రు గాలి తగులుతదని. మా అవ్వ ఏడుస్తది. మా పెద్దమ్మ ముక్కు ముక్కు అంటది. ఒకామె ముక్కకు ఇప్పుడే వద్దు అంటది. మా అత్త వచ్చీ రాంగనే, మా దిక్కు ఎల్లెలకల పండవెట్టరు, కూసుండవెడ్తరు అన్నది. మా దిక్కు పండవెడ్తరు అన్నది మా అవ్వ. నన్ను ఒకలు లేపుతరు, ఇంకొకలు పండవెడ్తరు. నాకు నొప్పి కంటె గా లొల్లి ఎక్కువైంది. నేనేమో పిల్లను, లగ్గమై ఏడాది సుత నిండలే. ఎవల్ని ఏమంట?

గప్పుడొచ్చింది మర్యమ్మ. మర్యమ్మ అంటే మా ఊరి కిరస్తానం ఆమె, పసుపు పనికొచ్చే కూలి జట్టుకు పెద్ద. పొద్దంత వాకిట్ల కొమ్ములు ఏరుకుంట కూసునేది. మా అవ్వ గామెను గడప దాటనియ్యకపోతుండె. గప్పటి కాలం గట్లుండె, పాడు కాలం, చెప్పుకుంటే సిగ్గు. గని గారోజు నా కేకలు ఇని గామె ఎవల్నీ అడుగలే. చేతులు కడుక్కొని సీద లోపటికొచ్చింది.

మర్యమ్మ నా మొకం చూసింది. గా ఆడోళ్ల మొకాలు చూసింది. లొల్లి చెయ్యకుండ్రి, బయటికి పోండ్రి అంటే పోతరా? కూలి మనిషి చెప్తే ఇంటోళ్లు పోతరా? అత్త పోతదా ముందుగాల, అవ్వ పోతదా? నిన్న గా వియ్యపురాండ్లు పోయిండ్రా?

మా దిక్కు ఒక పట్టింపు ఉండె. కాన్పు ఇంట్ల ముడి ఉండొద్దు, తాళం ఉండొద్దు. ముడి ఉంటే బిడ్డ అడ్డం పడ్తదనేటోళ్లు. అప్పటికే నా జుట్టు ఇప్పిండ్రు, సందుగ తాళం తీసిండ్రు, కొట్టంల లేగదూడ తాడు సుత ఇప్పిండ్రు, గది పోయి ఎవలి శేన్ల పడ్డదో. మర్యమ్మ చెంపకు చెయ్యి పెట్టుకొని, “అవ్వో, వాకిట్ల గన్ని సంచులు మూతులు కుట్టి నిలవెట్టిండ్రు గదా, ఇంటి నిండ ముడులు పెట్టుకొని బిడ్డ రాలే రాలే అంటే ఎట్లొస్తది?” అన్నది.

ఇగ చూడాలె బిడ్డా. మా అవ్వ మా అత్తను చూసింది, మా అత్త మా పెద్దమ్మను చూసింది. ఒక్కసారే లేసిండ్రు. కత్తిపీట పట్టుకొని ఒకలు, దబ్బనం పట్టుకొని ఒకలు, ఉత్త చేతులతోని ఒకలు, అందరు వాకిట్లకు ఉరికిండ్రు. “ఒక్క ముడి సుత మిగులొద్దు, మంచిగ చూడుండ్రి” అని మర్యమ్మ ఎనకకెంచి చెప్పి, తలుపు దగ్గరికేసి, కిటికీ తెరిచింది.

గాలొచ్చింది. గాలితోని పసుపు వాసన, గడ్డి వాసన. నాకు ఇప్పటికీ పసుపు ఉడికే కాడికెంచి పోతే గా గాలే యాదికొస్తది. మర్యమ్మ నా ఎనక కూసున్నది, నా ఈపును గామె రొమ్ముకు ఆనిచ్చుకున్నది. నడుము కింద బొటనేలు పెట్టి ఒత్తింది, నొప్పి వచ్చినప్పుడు గట్టిగ, పోయినప్పుడు మెల్లగ. స్వప్న మొన్న నీకు ఒత్తింది చూడు, అచ్చం గాడనే.

జర సేపైనంక మర్యమ్మ నా చెవుల అడిగింది. “బిడ్డా, ఇగ చెప్పు, నీకు ఎవలు గావాలె? ఎవల్ని పిలువాలె?”

నన్నెవలన్న గట్ల అడుగుడు గదే మొదలు.

నాకు ఎవలు గావాల్నో నాకెర్కే. మీ తాత. మా అత్త ఎనకనే వచ్చిండు గాయిన, అత్తగారింట్ల మొగోడు లోపటికెట్ల వస్తడు, గోడ అవతల నిలవడ్డడు. గాయిన దగ్గు నేను గుర్తువట్టిన. మీ తాత మంచోడు బిడ్డా. ఆర్మూర్ అంగడికి పోతే మిర్చి బజ్జీలు రుమాల్ల కట్టుకొని, మా అత్త చూడకుంట నాకు తెచ్చిచ్చేది. సల్లారిపోయేటియి, రుమాలంత నూనె. గా బజ్జీల ముంగట ఇప్పటి పిజ్జాలు గిజ్జాలు ఏం లెక్క. ఆ, ఏం చెప్తున్న? గాయిన దగ్గు. గాయిన చెయ్యి ఒక్కసారి పట్టుకుంటే చాలనిపిచ్చింది నాకు.

ఎట్ల చెప్పాలె? మొగని పేరు నోటితోని తియ్యొద్దు మాకు. తీస్తే ఆయుస్సు తగ్గుతదనేటోళ్లు. పేరు తియ్యకున్నా, మా ఇంటాయినను పిలువు అని సుత అనొచ్చు. సిగ్గు అడ్డమొచ్చింది. కాన్పు అర్రలకు మొగోన్ని పిలువుమంటే పిల్లకు మతి పోయిందంటరు. మర్యమ్మకు సుత గా ఆలోచన రాలే, ఎవలకూ రాదు. నీళ్లు గావాలె అన్న.

నీళ్లు తాపింది. జర సేపటికి మంత్రసాని వచ్చింది, మీ నాయిన పుట్టిండు. ఏడుపు ఇని మా ఆడోళ్లు చప్పట్లు కొట్టుకుంట ఉరికొచ్చిండ్రు, చేతుల నిండ సుతిలి దారాలు. గప్పుడే మా నాయిన బండ్లు తీసుకొని వచ్చిండు. చూస్తే ఏమున్నది, అన్ని సంచుల మూతులు ఇప్పి ఉన్నయ్, కొమ్ములు వాకిలంత చిందినయ్, కోళ్లు వాటి మీద తిరుగుతున్నయ్. ఆయిన తల పట్టుకున్నడు, బండ్లోళ్లు నవ్వుతున్నరు. మనుమడు పుట్టిండే అంటే, పుట్టిండు సరే, నా పసుపుకు ఏమైందే అన్నడు! గదే మాట ఆయిన పోయేదాక చెప్పుకొని నవ్వినం.

మర్యమ్మ కావాలని గట్ల చేసిందని నాకు మస్తు రోజులకు సమజైంది. శేన్ల కలిసినప్పుడు అడిగితే, “మా దేవునికి ముడి ఉన్నా లేకున్నా ఒక్కటేనే పిల్లా, నీకు గాలి గావాల్సుండె” అన్నది. ఇప్పుడు మర్యమ్మ లేదు. స్వప్నను చూస్తే నాకు గామెనే కొట్టొచ్చినట్టు కనవడ్డది.

ఇంకొకటి చెప్పాలె. గిది మీ అమ్మకు సుత చెప్పలే. నువ్వు పుట్టిననాడు దవాఖాన బల్ల మీద నేను, మీ తాత కూసున్నం. మీ నాయిన తలుపు కాడ అటు ఇటు తిరుగుతున్నడు. కొడుకును చూసుకుంట చూసుకుంట మీ తాత అన్నడు, “గారోజు నేను గోడ అవతలనే ఉంటి. పిలుస్తవేమో అని చూస్తి.”

గన్నేండ్లు కడుపుల పెట్టుకున్నడు బిడ్డా గా మాట. నేనేమనాలె? నేను సుత పిలుద్దామనుకున్న అని చెప్పొచ్చు గదా. చెప్పలే. చాయ్ తాగుతవా అన్న. తాగుత అన్నడు. గంతే. ఇప్పుడు చెప్దామంటే మనిషి లేడు. నాకు ఏడుపొస్తది, ఉండు... ఏం లేదు, ఏం లేదు, కండ్లల్ల నీళ్లు గట్లనే కారుతయ్ ఇప్పుడు.

సరే, మర్యమ్మ నన్నడిగినట్టు నిన్ను అడుగుత. మీ అమ్మ పాయె, మీ అత్త పాయె, నేను పాయె, ఇంట్ల ఎవల్లేరనుకో. నీకు ఎవలు గావాలె?

“నరేష్, నానమ్మా.”

అగో. ఎంత అల్కగ అన్నవే! నోరు తిరుగనే తిరిగింది. నా తల్లే, నా బంగారే. అయితే గాయిననే పోతడు లోపటికి. స్వప్న గాయినకు నేర్పిస్తది నడుము ఎట్ల ఒత్తాల్నో, మొగోళ్ల చేతులకు బలం సుత ఉంటది. మీ అమ్మకు, మీ అత్తకు చెప్పు. నానమ్మ చెప్పింది అనకు. గట్లంటే ఇద్దరు గలిసి నా మీద పడ్తరు, గది కాదు, నా మీద పడితే పడనీ. నాకు గాయినే గావాలె అని నువ్వే చెప్పు, నీ నోటితోని. జర మొకం మాడ్చుకుంటరు, బిడ్డను చూస్తే అన్ని మర్సిపోతరు.

నీ కాన్పు అల్కగ కావాలె బిడ్డా. తల్లీ పిల్లా సల్లగుండాలె, నా ఆయుస్సు సుత పోసుకొని బతుకాలె మీరు. లే, మెల్లగ లే, నా చెయ్యి పట్టుకో.

నరేష్ గప్పటిసంది వాకిట్ల బండి మీద కూసున్నడు. ఆడోళ్లు మాట్లాడుకుంటున్నరని లోపటికి వస్తలేడు పాపం, ఫోను చూసినట్టు చేస్తున్నడు గాని వాని చూపంత గీ తలుపు మీదనే ఉన్నది. పిలువు. ఏమండీ గీమండీ కాదు, పేరు పెట్టే పిలువు. ఇంకా గట్టిగ పిలువు బిడ్డా, ఇనవడాలె.