కేకెయ్యని విమానం

సాయంత్రం, నర్సీపట్నం. మంగరాజుగారి జీడితోటకి డ్రోనుతో మందు కొట్టి అప్పుడే తిరిగొచ్చింది నా మనవరాలు వెంకటదుర్గ. నేను వీధరుగు మీద కూచునున్నాను.

“కేకేసేవా, లేదా? అది సెప్పు ముందు.”

“డ్రోనుకి కేకేటి మామ్మా? కళ్లకి ఆ తడిగుడ్డేటి, తలనొప్పా?”

“నా నొప్పి నాది. మందు కొట్టేవోలు గట్టెక్కి ‘మందు కొడతన్నాం, తప్పుకోండి’ అని అరవాలా, వద్దా? మీ తాత వీపుకి డబ్బా తగిలించే ముందు నాలుగు పక్కలా అరిసేవోడు.”

“అది తాత కాలం. ట్రైనింగులో సెప్పేరు. మొదట వేడిగాలి బెలూనట, తర్వాత రెండంతస్తుల రెక్కల ఇమానమట, ఆనక జెట్టు, హెలికాప్టరు. ఇప్పుడు మనిషి ఎక్కక్కర్లేని...”

“నాకు సెప్పకు. నా సిన్నప్పుడు చెరుకు తెగులుకి ఆ రెండు రెక్కలదే వొచ్చింది. ముందురోజే మాకవరపాలెమంతా డప్పేసేరు. వరదలో హెలికాప్టరొచ్చింది. దిగకముందే దాని గాలికి కోళ్లతో సహా తప్పుకున్నాం. అంతెత్తున పోయే జెట్టు కూడా ఉరిమి పోద్ది. నీది తుమ్మెదలా గుయ్యిమంటది. పెళ్లి ఫొటోలు తీస్తదో, మందు పోస్తదో, కిందున్నోలికి ఏటి తెలుస్తది?”

“తోట కాళీ అని మంగరాజుబాబు సెప్పేడు.”

“రాజుబాబు సెప్పేడా. నువ్వు సూసేవా?”

“తెర మీద సూసేను. ఆకులే కనపడ్డాయి.”

“ఆకుల కింద?”

“ఆకుల కింద... అదెలా కనపడతది?”

“ఆకుల కింద ఓ ముసల్దుంది. మొకమెత్తి పైకి సూస్తంది. మందు కళ్లల్లో పడింది.”

“ఎవరు మామ్మా? ఇప్పుడెలాగుంది?”

“బోరు కాడ కడుక్కుంది. మంట తగ్గింది. మసక పోలేదు.”

“బండి తీస్తాను. ఆసుపత్రికి నేనే తీసుకెల్తాను, కాళ్లట్టుకుంటాను. అయినా మందు పడతంటే పైకెందుకు సూసిందా మనిషి, తలొంచుకుని పోకుండా?”

“ఇప్పుడు తప్పు దానిదంటావేటి?”

“అనను, అనను. ఇల్లెక్కడో సెప్పు బేగి.”

“మనవరాలు ఇమానం ఎగరేస్తందంటే సూద్దారని, ఎవరికీ సెప్పకుండా ఆటో ఎక్కెల్లిందే. బండి ఈ అరుగు కాడికే తే.”