మారెక్క బొటనవేలు

అన్యాయం జరిగింది మారెక్కకి. ఎప్పుడంటే, రాజుగారు గుర్రం మీంచి పడిన ఏడు, ఆషాఢంలో అమావాస్యకి రెండు దినాల ముందర, బేస్తవారం, కోడి కూసేకి ముందే. ఇది మొదలే ఎందుకు చెప్తా ఉండానంటే, తర్వాత ఊరు ఊరంతా 'మేము ఆయమ్మకి మేలు చేసినాం' అని చెప్పుకుంటా తిరిగింది. ఎవురు ఎవురికి మేలు చేసినారో మీరే వినండి.

ఈ మారెక్క ఎవురంటే, బండపల్లెకి పడమటి కొసన ఒంటి కొట్టంలో ఉండే ముసలామె. ముసలామె అంటే మూలుగుతా మూల కూచునే ముసలామె అనుకునేరు. ఆయమ్మ నోరు తెరిస్తే దోవన పోయే ఎద్దు కూడా పక్కకి తప్పుకునేదంట. మొగుడు పోయి ఇరవై ఏండ్లు. ఒక మేక, ఒక రోలు, ఒక కుండ. ఒకరి గడప తొక్కింది లేదు, ఒకరి ముందర చెయ్యి చాచింది లేదు. ఏటేటా వాన దిగేకి ముందర గుట్టకి పోయి బోద కోసుకొచ్చేది. బోదంటే కొట్టం పైన కప్పే గడ్డి, రేకుల కింద పుట్టిన మీ పిల్లోళ్లకి తెలీదులే. తన కొట్టం తానే కప్పుకునేది. ఆ ఏడు కూడా అరవై కట్టలు కోసి, ఎండబెట్టి, ఇంటెనక పేర్చుకుంది, శుక్రవారం కప్పుదామని. మబ్బులేమో అప్పటికే గుట్ట మీదకి వచ్చి కూచోనుండాయి. ఆ అరవై కట్టలే ఆయమ్మ ఆస్తి, ఆ మబ్బులే ఆయమ్మ దిగులు.

ఇంగ రాజు సంగతి. ఏమైందంటే, వేటకి పోయి అడవిలో ఒంటిగా గుర్రం మీంచి పడినాడు. నడుము పట్టేసింది. ఆ దోవన ముగ్గురు వచ్చినారంట. మొదటివాడు 'లేపితే ఏమిస్తావు' అన్నాడంట. రెండోవాడు 'ఇచ్చినాక లేపుతా' అన్నాడంట. మూడోవాడు మంచోడు, ఏమీ అడగలా, గుర్రాన్ని తోలుకొని పోయినాడు. రాజు కుంటుకుంటా కోట చేరి, నా దేశంలో ఊరికే ఒకరికి సాయం చేసేవాడు ఒక్కడన్నా లేడా అని కుమిలిపోయి, దేశం నాలుగు చెరగులా దండోరా వేయించినాడు. ఏమని? ఆషాఢ బహుళ త్రయోదశి నాడు దేశమంతా సేవ దినం. ఆ దినం ఎవురూ సొంత పని చెయ్యకూడదు, ఎదుటివాళ్ల పని చెయ్యాల. కూలి అడక్కూడదు, పేరు చెప్పుకోకూడదు. చేయించుకున్నవాళ్లు తమ అవసరం తీరిందని పొద్దు గూకేలోపల బొటనవేలు ముద్ర వెయ్యాల. ఎక్కువ ముద్రలు పడిన ఊరి పెద్దకి పల్లకీ. ఒక్క ముద్ర కూడా పడని ఊరు మొత్తం వచ్చి నెల దినాలు రాజుగారి గుర్రాలకి గడ్డి కొయ్యాల. ఆశ లేకుండా సేవ చెయ్యండ్రా అని చెప్పి పల్లకీ ఆశ పెట్టినాడు చూడు, ఊరికే రాజవుతారా మరి!

బండపల్లె పెద్ద కొండప్ప. ఆయప్పకి ఆ దండోరాలో పల్లకీ అన్న మాట ఒక్కటే వినపడింది. ఊరందర్నీ తన అరుగు దగ్గరికి పిలిపించినాడు. మనది నూటా పద్దెనిమిది గడప, గడపకొక సేవ, నూటా పద్దెనిమిది ముద్రలు, ఎవురెవురు చేస్తారు అంటే అన్ని చేతులూ లేచినాయి. సరే, ఎవురెవురు చేయించుకుంటారు అంటే ఒక్క చెయ్యీ లేవలా. లేస్తుందా? మా ఇంట్లో ఏం తక్కువైందని ఊరోళ్ల చేత చేయించుకోవాల? రేపు పిల్లకి సంబంధం వస్తే 'వీళ్లింటికి ఊరంతా పోయి సాయం చేసింది' అంటే పరువేం గాను? శెట్టి పాపయ్య ఇల్లు నాలుగేండ్లుగా కారతా ఉండాది, ఊరందరికీ తెలుసు. 'ఏమప్పా పాపయ్యా, నీ ఇల్లు కప్పుదామా' అంటే, 'కారేది కాదన్నా అది, గాలి ఆడాలని నేనే పెట్టించుకున్న్యా' అన్నాడంట. కాలు పడిపోయిన ఈరప్పని, 'నీకు నీళ్లు మోసిపెడతామప్పా' అంటే, 'నా కాలుకేమైందిప్పుడు, నాకిట్ల నడిచేదే ఇష్టం' అన్నాడంట. నవ్వుతా ఉండావా నాగక్కా? నవ్వు నవ్వు, నువ్వైతే కూరలో ఉప్పు లేకపోయినా పక్కింట్లో అడుగుతావేంది!

అట్ల అందరూ సేవ చేసేవాళ్లే అయినారు, చేయించుకునేవాడు ఒక్కడూ లేడు. అప్పుడు ఎవురో అన్నారు, 'మారెక్క ఉంది గదా, దిక్కులేనిది' అని. ఆయమ్మని అక్కడికి పిలవలేదు, కాబట్టి వద్దనేదానికి లేదు. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

బేస్తవారం కోడి కూసేకి ముందే పలకలు, అదే డప్పులు, కొట్టుకుంటా నూటా పద్దెనిమిది మంది ఆయమ్మ కొట్టం మీద పడినారు. మారెక్క ఊళ్లో దొంగలు పడినారని రోకలి పట్టుకొని బయటికొస్తే, రోకలి లాక్కొని ఒకడు దంచేదానికి కూచున్నాడు. రోట్లో ఏమీ లేదు, ఉత్త రోలే దంచినాడు, అదొక సేవ. ఒకామె కుండ ఎత్తుకొని నీళ్లు తెచ్చి పోసింది, ఇంగొకామె ఆ నీళ్లు పారబోసి మళ్ల తెచ్చింది, అట్ల నలభై మంది. వాకిలంతా అడుసు. మేకని ముగ్గురు పితికినారు. నాలుగోవాడికి అది పాలియ్యలా, తన్నింది. మారెక్క తల ముగ్గురు దువ్వినారు, మూడు పక్కలకి. 'మేయ్, వదలండ్రా నన్ను' అని ఆయమ్మ అరిస్తే, 'అక్కా, నువ్వేం కష్టపడొద్దు, అరిసే పని కూడా మేమే చేస్తాం' అన్నాడంట ఒకడు.

ఇదంతా పోనీలే అనుకో. దువ్వినది చెదిరిపోతుంది, అడుసు ఆరిపోతుంది. ఇరవై మంది మగోళ్లు కొట్టం ఎక్కి పాత బోదంతా పీకి కింద పడేసినారు. పీకేది ఇరవై సేవలు. కప్పేది ఎవురంటే, అది మా పని కాదు, మా లెక్క అయిపోయింది అన్నారు. ఇంగ ఇంటెనక పేర్చిన కొత్త బోద అరవై కట్టలూ ఒక గుంపు ముందరికి మోసింది, ఇంగొక గుంపు మళ్ల ఎనక్కి మోసింది. పొద్దు వాలినాక ముద్రలు వేయించుకునే రాజుగారి పారుపత్తేదారు గుర్రం దిగి పుస్తకం పట్టుకొని వస్తా ఉంటే, ఆయప్ప కాళ్లు అడుసులో పడకూడదని కొండప్ప ఆ అరవై కట్టలూ విప్పించి దోవ పొడుగునా పరిపించినాడు. నూటా పద్దెనిమిది మంది దాని మీద తొక్కుకుంటా నడిచినారు, ఆయప్ప గుర్రం దాని మీదే లద్దె వేసింది.

మారెక్క చూసింది. పైన చూస్తే మబ్బు, మధ్యలో ఉత్త వాసాలు, కింద అడుసులో తన బోద. ఆ గడ్డి కోసేటప్పుడు చేతులు కోసుకున్న గీతలు ఇంకా మానలా. గొంతులోకి ఏడుపు వచ్చింది. ఈ మంద ముందర ఏడిస్తే కండ్లు తుడిచేది కూడా ఒక సేవ అని రాసుకుంటారు అనుకొని, మింగేసింది.

పారుపత్తేదారు సిరా బుడ్డి తెరిచి, 'అవ్వా, నూటా పద్దెనిమిది తూర్లు వెయ్యి' అన్నాడు. ఆయమ్మ బొటనవేలు పిడికిట్లో మూసింది. 'దండోరా ఇంగొక తూరి చదువు నాయనా.' ఆయప్ప చదివినాడు. 'అవసరం తీరిందని వెయ్యాలన్నాడా లేదా మీ రాజు?' 'అన్నాడు.' 'నా అవసరమేందో వీళ్లలో ఒక్కడన్నా అడిగినాడేమో అడుగు.' పారుపత్తేదారు కొండప్పని చూసినాడు. కొండప్ప నవ్వు తెచ్చుకొని, 'పెద్దదానివి, ఊరి పరువు నీ చేతిలో ఉండాది, వెయ్యమ్మా' అన్నాడు. 'నా చేతిలో ఉండేది నా వేలప్పా. ఊరి పరువు అదిగో, గుర్రం లద్దె కింద ఉండాది చూసుకో' అనింది. ఒకడు చెయ్యి పట్టి లాగబోతే, 'లాగు. నా పని చేసేకి వచ్చి వేలు విరిచినాడని అది కూడా రాయిస్తా' అనింది. వాడు వదిలేసినాడు.

పొద్దు చూస్తే రెండు బారలుంది. ఒక్క ముద్ర కూడా పడకపోతే నెల దినాలు గుర్రాల గడ్డి! ఇంగ కొండప్పకి పల్లకీ మీంచి ధ్యాస గడ్డి మీదకి దిగింది. 'నీకేం కావాలో చెప్పమ్మా' అన్నాడంట. ఆ మాట పొద్దున అడిగుంటే కథే లేదు గదా. 'నా కొట్టం నాకు కప్పియ్యండి.' 'బోద యాడుంది?' 'నీ ఎద్దుల కొట్టం మీద ఉంది, నిన్న కప్పింది, నేను చూసిన్యా.' కొండప్ప ఎద్దులు ఆకాశం చూసేసరికి ఊరంతా మారెక్క కొట్టం ఎక్కింది. ఆయమ్మ రోలు మీద కూచొని, 'ఆ ముడి కాదురా, అది పంచెకి వేసే ముడి', 'వంపు కిందికి రానీ', 'పాపయ్యా, నువ్వు దిగు, నీ చేతిలో బోద నీ ఇంటి మాదిరే గాలి పీలుస్తా ఉండాది' అని ఒక్కొక్కర్నీ కడిగి ఆరేసింది. ఆ గాలి మాట ఆయమ్మ దాకా ఎట్ల పోయిందంటారా? ఊరు గదమ్మా.

ఆఖరి ముడి పడేది, వాన దిగేది ఒకటే అయింది. 'ఇప్పుడన్నా వెయ్యవ్వా, పొద్దు గూకుతుంది' అన్నాడు పారుపత్తేదారు. 'కారుతుందో లేదో చూడొద్దా' అని, ఆయప్పనీ, పుస్తకాన్నీ, మేకనీ లోపలికి తీసుకొని కూచుంది. నూటా పద్దెనిమిది మంది బయట తడుస్తా నిలబడినారు. ఒక్క చుక్క కారలా. అప్పుడు పిడికిలి విప్పి, ఒక్క ముద్ర వేసింది. కొండప్ప వాకిట్లోంచి, 'ఒకటేనా? నూటా పద్దెనిమిది మందిమి కష్టపడితిమి గదమ్మా!' అన్నాడు. 'నాకెన్ని కొట్టాలుండాయప్పా? ఒకటి. అవసరమూ ఒకటే. పో, పోయి ఎద్దుల్ని చూసుకో.'

అందరూ పోయినాక పాపయ్య ఒక్కడే వానలో నిలబడి ఉండాడు. 'అక్కా, మా ఇల్లు...' అని నీళ్లు నమిలినాడు. 'గాలి ఎక్కువైందా?' అనింది మారెక్క. 'కారతా ఉండాదక్కా.' 'ఆ ముక్క బయటికి రావడానికి నాలుగేండ్లు పట్టిందిరా నీకు. రేపు పొద్దున్నే వస్తా పో.' పోయింది కూడా. ఆ శుక్రవారం పాపయ్య ఇల్లు కప్పినారు, ఈరప్ప తొట్టి నింపినారు, పలకా లేదు, పుస్తకమూ లేదు. అది ఎవురూ రాసుకోలా.

కోటలో రాజు లెక్క తీస్తే, దేశంలో ఉండే జనం కంటే సేవలు పదింతలు వచ్చినాయంట. అన్నీ చింపిపారేసి, ఒక్క ముద్ర పడిన ఊరే నిజం చెప్పిందని పల్లకీ బండపల్లెకి పంపినాడు. కొండప్ప స్నానం చేసి, పాగా చుట్టి, ఎక్కి కూచున్నాడు. మొయ్యండ్రా అంటే, 'సేవ దినం అయిపోయింది గదప్పా' అన్నారంట. ఇంగేం చేస్తాడు, దిగి ఇంటికి నడిచి పోయినాడు. మోసేవాడు లేక పడుండిన ఆ పల్లకీలో అప్పట్నించి మారెక్క మేక పడుకుంటా ఉండింది. మెత్తగా ఉందని దానికి పాలు కూడా ఎక్కువైనాయంట, ఆ రాజు సేవ దినంలో నాకు తెలిసి మిగిలిన లాభం అదొక్కటే. పుస్తకంలో మటుకు ఇప్పటికీ ఇంతే ఉందంట: బండపల్లె. సేవ ఒకటి. మారెక్క, కుడిచేతి బొటనవేలు. ఆషాఢ బహుళ త్రయోదశి, బేస్తవారం, పొద్దు గూకేకి ముందు.