మే నెలలో బాపట్ల వణికిన రోజు

ఆరేళ్ల నించీ ఇదే మాట లాజరూ, నేనసలు ఐసు పట్టుకుని బాపట్ల వెళ్లనే లేదంటావు! స్టేషను ముందు నీ టీకొట్టు బెంచీ మీద కూర్చుని అబద్ధమాడతానా? నేనేం ఘనకార్యం చేశానన్లేదే. ఐసు మోశాను, అంతే.

తొంభైరెండు, మే నెల. అప్పుడు నేను మన రేపల్లెలో రొయ్యలకి ఐసు వేసే ఫ్యాక్టరీలో మేస్త్రీని. పొద్దున్నే బాపట్ల నించి ఫోను. అక్కడో కాలేజీలో, పేరెందుకులే, పిల్లలు కంప్యూటర్ క్లబ్బు పెట్టుకున్నారు. ఆ రోజే వాళ్ల ప్రదర్శన. పుట్టినతేదీ కొడితే మనం ఏ వారం పుట్టామో కంప్యూటర్ చెప్పేస్తుందంట! కొల్లిపర నించీ కొలకలూరు నించీ జనం బస్సులెక్కి వచ్చేశారు. తీరా చూస్తే ఏసీ చచ్చిపోయింది. గది వేడెక్కితే కంప్యూటర్లు ఆగిపోతాయి, ప్రదర్శన ఆగితే క్లబ్బు మూసేస్తానని ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పేశారు. క్లబ్బు సెక్రటరీ కుసుమకుమారి అని ఓ పిల్ల, ఏడుపు గొంతుతో, "బాబాయ్ గారూ, పదింటికల్లా ఐసు రాకపోతే మా రెండేళ్ల కష్టం పోయినట్టేనండి" అంది.

"ఎన్ని దిమ్మలు పట్టుకెళ్లావేంటి?" అన్నాడు లాజరు.

నలభై. రంపప్పొట్టు కప్పి లారీ ఎక్కించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాపట్లలో దించితే నలభై మూడు!

"ఎండకి ఐసు కరగాలి కదయ్యా పున్నారావూ" అన్నాడు నాగేశ్వరయ్య మావయ్య.

మామూలు లారీలో అయితే కరుగుద్ది మావయ్యా. నేను పక్కన కూర్చుని తోలించిన తోలుడికి చల్లగాలి తగిలి దారిలోనే ఐసు ఈనింది! మూడు పిల్ల దిమ్మలు! పదికి పది నిమిషాలుందనగా దించేశా.

బెంచీ చివర సంచి ఒళ్లో పెట్టుకుని తెనాలి పాసింజరు కోసం చూస్తున్న కొత్తాయన టీ గ్లాసు దించి, "ఎన్నింటికన్నారండీ?" అన్నాడు.

తొమ్మిదీ యాభైకండి. ఇక చూడండి. కంప్యూటర్ గదంటే చెప్పులు బయట విడిచే వెళ్లాలి కదా. నేను దిమ్మలు పేర్చానో లేదో, లోపలున్న జనం పాదాలు పట్టుకుని చెప్పుల కోసం కుంటుకుంటూ పరుగు! మాస్టార్లు మంకీ క్యాపులు తెప్పించుకున్నారు. కంప్యూటర్ తుమ్మింది. తెర మీద అక్షరాలు ఒకదాన్నొకటి కావిలించుకుని వణుకుతున్నాయి. డెబ్బై ఏళ్ల ధనమ్మ గారి పుట్టినతేదీ కొడితే అది పళ్లు టకటకలాడిస్తూ, "ఈవిడ ఇంకా పుట్టలేదు, వచ్చే బుధవారం పుడుద్ది" అని రాసింది.

"కంప్యూటర్‌కి పళ్లెక్కడియ్యి?" అన్నాడు లాజరు.

ముందు వరసగా ఉండే మీటలేంటనుకున్నావ్? పళ్లే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలి కిటికీలోంచి బయటపడింది. సూర్యలంక సముద్రం పేరిన నెయ్యిలా గడ్డకట్టేసింది. జాలరోళ్లు దాని మీద నడిచెళ్లి చేపల్ని వంకాయల్లా కోసుకొచ్చారు. తెనాలిలో రైలు పట్టాలకతుక్కుపోతే రెండు డేగిసాల సాంబారు మరగబెట్టి పోసి ఊడదీశారు! చివరికి నేనే కంప్యూటర్ ముందు కుంపటి పెట్టి, మిరియాల కషాయం ఆవిరి పట్టించా. లేచి కూర్చుంది. క్లబ్బు నిలబడింది. కుసుమకుమారి కళ్లలో ఆనందబాష్పాలు గోలీల్లా నేల మీద దొర్లాయి, నా మీదొట్టు!

కొత్తాయన గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యగారూ, నా పేరు ప్రభుదాస్. అప్పుడు ఆ గదికి అటెండర్ని నేనేనండి. పదింటికి మీరు రాలేదు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని హాస్టల్లో ఉన్న బల్ల ఫ్యాన్లన్నీ మోయించింది. పిల్లలు పరీక్ష అట్టలతో కంప్యూటర్లకి విసిరారు. ఒంటిగంటకి ప్రదర్శన అయిపోయింది, క్లబ్బూ నిలబడింది. మీరొచ్చింది సాయంత్రం నాలుగింటికి. లారీలో మిగిలింది ఒకటిన్నర దిమ్మ. పారేయడమెందుకని నేనే మజ్జిగలో వేశా. ప్రదర్శన చూడ్డానికి యూనివర్సిటీ నించొచ్చి ఇంకా వెళ్లని పెద్దాయన ఒక్క గుక్క తాగి, 'ఏంటోయ్, మజ్జిగలో రొయ్యలేశారా?' అన్నారండి."

బెంచీ మొత్తం గొల్లున నవ్వింది. మావయ్యకి టీ ముక్కులోకి పోయింది. నేను మాత్రం సంతోషం పట్టలేక ప్రభుదాస్ గారి రెండు చేతులూ పట్టేసుకున్నా.

"విన్నావా లాజరూ? వెళ్లానా, లేదా?"