గవర్నరును లైన్లో నిలబెట్టిన రోజు

పిల్లలూ, మన ఆవులు మేసే పచ్చిక కింద నుంచి చమురు పైపులైను పోనివ్వాలా వద్దా అని మొన్న వసంతంలోనే తేల్చాల్సిన కౌంటీ బోర్డు, ఆ ఓటును ఈ గురువారానికి ఎందుకు వాయిదా వేసింది? చెయ్యెత్తి చెప్పాలి. కోల్బీ, ముందు నోట్లో బిస్కెట్టు మింగు.

"ఎందుకు నానమ్మా?"

నా వల్ల!

ముందు పద్ధతి చెప్తాను, వినండి. ఓటుకు ముందు ఊరివాళ్ల మాట వినే విచారణ మన బడి జిమ్ములో, అదే ఆటల హాల్లో, పెట్టారు. పేరు రాయించుకున్న ప్రతివాళ్లకీ మాట్లాడ్డానికి మూడు నిమిషాలు. ఎర్రదీపం వెలిగిందా, కూర్చోవాల్సిందే. కాకపోతే, మనకు మాట్లాడాలని లేకపోతే మన నిమిషాలు ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చు. అర్థమైందా? సరే.

నేను మైకు దగ్గరికెళ్లి, "బాబూ లైల్, మా నేలంతా ఇసుక. పైపు కారితే చమురు తిన్నగా మా గాలిమర బావిలోకి దిగుతుంది. అప్పుడు మా ఆవులేం తాగాలి?" అన్నాను. లైల్ హ్రూబీ ఇవాళ బోర్డు అధ్యక్షుడైతే కావచ్చు, మూడో తరగతి మాత్రం నా దగ్గరే చదివాడు. టక్కున లేచి నిలబడి, "ఎస్ మేడమ్" అన్నాడు.

ఇంతలో ఎర్రదీపం. వెనక నుంచి మన ఊరి ఆల్మా లేచి, "నా నిమిషాలు ఆవిడకే" అంది. పక్కన ఆవిడ మొగుడూ ఇచ్చేశాడు. చూస్తుండగానే జిమ్ము జిమ్మంతా ఇచ్చేసింది. పైపు రావాలని ఇంటిముందు బోర్డు పెట్టుకున్న మన పొరుగు డ్వేన్ ఉన్నాడు చూడండి, వాడూ ఇచ్చాడు!

"డ్వేన్ తాతయ్యా? ఆయన మనతో మాట్లాడ్డం మానేశాడుగా!" అన్నాడు కోల్బీ.

మాట్లాడకుండానే ఇచ్చాడురా, సైగ చేసి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క కౌంటీలవాళ్లు ఫోన్లు చేసి మరీ ఇచ్చారు. బయట కంచె దగ్గర ఆవులు వరసగా నిలబడి అరుస్తుంటే, లైల్ కిటికీలోంచి చూసి, "వాటివి కూడా రాసుకోండి" అన్నాడు. గోధుమ పచ్చగా ఉన్నప్పుడు మాట్లాడ్డం మొదలుపెట్టానా, నేను నీళ్లు తాగడానికి ఆగేసరికి చేలు కోతకొచ్చాయి.

ఇక గవర్నరు! హెలికాప్టర్లో దిగి, "పైపు వస్తే ఉద్యోగాలొస్తాయి, ఒప్పుకోండమ్మా" అని మధ్యలో దూరాడు. "చెయ్యెత్తకుండా మాట్లాడతావా? పో, లైన్లో నిలబడు" అన్నాను. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పైపు కంపెనీ లాయరు "పైపు కారదు" అన్నాడు. "అయితే అది నువ్వే నమ్మేదాకా నల్లబల్ల మీద రాయి" అన్నాను. ఊళ్లో సుద్దముక్కలన్నీ అరిగిపోయాయి, ఒమాహా పట్నం నుంచి లారీలో తెప్పించాం. ఆఖరికి నా గొంతు కెనడా దాకా వినిపించి, అక్కడ పైపులోకి ఎక్కబోతున్న చమురు సిగ్గుపడి మళ్లీ భూమిలోకి దిగిపోయింది!

బ్రినా చెయ్యెత్తింది. పదకొండేళ్లకే దానికి వాళ్ల తాత చూపు వచ్చింది, అబద్ధం మీద పడిందంటే ఆ చూపు ఇక కదలదు.

"నానమ్మా, ఆ రోజు నేనూ వచ్చాను."

"వచ్చావా తల్లీ?"

"అమ్మ పక్కనే కూర్చున్నా. వడగళ్లవాన పడి కరెంటు పోయింది. అందుకే వాయిదా వేశారు. అంతకుముందు నీ పేరు పిలిచారు. నువ్వు అక్కడ లేవు. జిమ్ము వెనక వంటగదిలో, చెర్రీలు పెట్టి కాల్చిన పై ముక్కలు కోస్తున్నావు."

"ఎవరో ఒకరు కొయ్యాలి కదమ్మా! అంతమంది ఆకలి మీదుంటే."

"మైకంటే భయమా నానమ్మా?" అన్నాడు కోల్బీ, పాపం మెల్లిగానే.

"తరగతిలో ఎప్పుడూ భయం వెయ్యలేదురా. అక్కడ అందరూ నాకంటే పొట్టివాళ్లు."

ఎవరూ నవ్వలేదు. బ్రినా నా మోకాలి మీద చెయ్యి వేసి, "డ్వేన్ తాతయ్య మాత్రం తన మూడు నిమిషాలూ తనే మాట్లాడాడు. మన బావి గురించి ఎవరూ మాట్లాడలేదు. గురువారం మళ్లీ నీ పేరు పిలుస్తారు. చెర్రీ పై ముక్కలు నేను కోస్తాలే" అంది.

సరే, సరే. ఇవాళ్టికి పాఠం అయింది. ఆవుల తొట్టి సగం తోమి వదిలేశాను, పాచి ఎండిపోతే మళ్లీ ఊడదు. నేను వెళ్తున్నా. అక్కడ నేను ఆవులతో ఓ మూడు నిమిషాలు గట్టిగా మాట్లాడుతున్నట్టు వినిపిస్తే నవ్వకండి, దగ్గరికి మాత్రం రావద్దు.