గ్రాఫిక్స్ కార్డులో పెరిగిన ఆవు

పుంగనూరు బస్టాండు పక్కన రెడ్డెమ్మ టీ అంగట్లో ఫోటో స్టూడియో లింగప్ప రెండో టీ అందుకున్నాడు. ఎదురుగా జయరత్నం సారు కూర్చోని ఉండాడు. మదనపల్లెలో ఆయన పాఠాలు చెప్పిన స్కూలుకు యాభై ఏండ్లు నిండాయి. పాత పిల్లోళ్ళ ఫోటోలన్నీ కలిపి ఒకే పెద్ద ఫ్లెక్సు చేయించాలని వచ్చినాడు. "నీ పాత కంప్యూటరు ఇంత పని మోస్తాదా లింగప్పా?" అని ఒక్క మాట అడిగినాడు, అంతే.

"మోస్తాదా అంటారేంది సారూ! పోయిన నెల నిమ్మనపల్లె రెడ్డెప్ప వాళ్ళ ఆవు సంగతి మీకు తెలీదు. పశువుల పోటీ కాడ కట్టేదానికి ఫ్లెక్సు కావాలన్నాడు, మధ్యాన్నం బస్సుకు పంపాల. పుంగనూరు ఆవంటే నా నడుం దాకా కూడా రాదు, ఆయప్పకేమో ఆరడుగుల బొమ్మలో రోమం రోమం కనపడాలంట. నేనేం జేసినా? ముక్కలు ముక్కలుగా నూటిరవై ఫోటోలు తీసి కంప్యూటర్లో అతికిస్తాండా. ర్యాము నాలుగు జీబీ. నలభయ్యో ఫోటోకే నిండిపాయె. మౌసు కదల్దు."

"విండోసు తీసేసి లినక్సు ఏసినా, ఇంక కంప్యూటరు ఆగదంటివే!" కుప్పం బస్సు కోసం కాచుకున్న మధుసూదన్ అన్నాడు.

"ఆగలేదప్పా, ఆలోచిస్తాంది. ర్యాము నిండితే మిగిలిన సరుకును హార్డుడిస్కులో పెడ్తాది, దాన్నే స్వాపు అంటారు. మదనపల్లె మండీలో చోటు లేక టమోటా పెట్టెలు ఊరిబయట షెడ్డులో దించినట్ల, పొయ్యేది వచ్చేది అంతా ఆలస్యం. మా హార్డుడిస్కా, ముసిల్ది. అప్పుడు సూసినా, లోపల గ్రాఫిక్స్ కార్డు! మా అల్లుడు ఆటలాడేదానికి పెట్టించుకున్నది, ఎనిమిది జీబీ మెమరీ, పనీపాటా లేకుండా ఉండాది. మండీకి గోడవతల కల్యాణమండపం ఖాళీగా ఉన్నట్ల కదా! నాలుగు లైన్ల కమాండ్లు కొట్టి, ఆ మెమరీనే స్వాపుగా మార్చేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"ఏమైంది?"

"మౌసు కదిలింది."

"అంతేనా?" అనింది రెడ్డెమ్మ.

"అంతేనా అంటావేందమ్మా, నేను చెయ్యి పెట్టకముందే కదిలింది! ఎనభయ్యో ఫోటో అతికిద్దామని నేను అనుకుంటాండగానే నూటిరవయ్యోది అతుక్కోని ఉండాది. మెమరీ ఇంకా మిగిలింది. ఖాళీగా యాల ఉంచాల అని ఆవును పెంచుకుంటా పోయినా. ఒక్కో రోమం తాటిమానంత. చెవి మీద పిడుదు ఉంటే దాని కాళ్ళు లెక్కబెట్టినా, ఎనిమిది. ఇంకొంచిం పెంచితే, ముట్టె పుంగనూరులో ఉండాది, తోక కుప్పం దాటి పోయింది."

"నేనుండేది కుప్పంలోనే. నాకు తోక కనపళ్ళేదే!"

"నువ్వు బస్సు ఎక్కినప్పటినుంచి నిద్రపోతావు కదప్పా, యాడ కనపడ్తాది?" లింగప్ప తడుముకోలేదు. "సరే, మళ్ళా ఆరడుగులకు తగ్గించి, అచ్చేయించి, గోడకు ఆరగట్టినా. ఈగలు వాలినాయి. తోలినా, పోలా. దావన పోతాండిన పశువుల డాక్టరు నిలబడి, 'ముట్టె ఎండిపోయుండాది, జ్వరం' అని సూది తీసినాడు. 'సామీ, ఇది ఫ్లెక్సు' అంటే నమ్మడే! అంతలో యాడినుంచో ఒక లేగదూడ వచ్చింది. ఆకలి మీద ఉండాది పాపం, నేరుగా పొయ్యి పొదుగుకు మూతి పెట్టింది."

టీ వడగడతాన్న రెడ్డెమ్మ చెయ్యి ఆగింది. "పెట్టి?"

"పెట్టి ఏముంది, తాగింది. కడుపునిండా తాగి ఎగురుకుంటా పోయింది. మిగిలినవి నేను చెంబులో పట్టినా, లీటరున్నర. కొంచిం సిరా వాసన, అంతే. కాస్తే మీగడ కట్టింది."

జయరత్నం సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బెంచీ చివర ఒకామె ఒళ్ళో సంచి పెట్టుకోని ఇంతసేపూ నిమ్మనపల్లె బస్సు కోసం సూస్తాండింది. గ్లాసు కింద పెట్టింది. "నేను ఆదిలక్ష్మినప్పా, ఆ రెడ్డెప్ప పెండ్లాన్ని. నువ్వు ఫోటోలకు వచ్చిన పొద్దు నేను చేన్లో ఉంటి."

"అట్లనా! టీ తాగమ్మా" అన్నాడు లింగప్ప.

"తాగినా. మాది ఆవు కాదప్పా. కోడె."

మధుసూదనే ముందు తేరుకున్నాడు. "నూటిరవై ఫోటోలు తీసినావు కదన్నా, ఒక్కదాంట్లో అయినా అగుపళ్ళేదా?"

రెడ్డెమ్మ నవ్వలేక కూలబడింది. లింగప్ప గ్లాసు పక్కన పెట్టినాడు. గొంతు తగ్గించి అన్నాడు, "మౌసు మాత్రం నిజంగానే కదిలిందమ్మా."

"కదిలే ఉంటాది" అనింది ఆదిలక్ష్మి. "ఫ్లెక్సు చెప్పిన బస్సుకే వచ్చింది. బొమ్మ కూడా బాగుండాది. అబద్ధం చెప్పకూడదు."

జయరత్నం సారు ఆమె దిక్కు చూసి, జేబులోంచి పెన్‌డ్రైవు తీసి లింగప్ప చేతిలో పెట్టినాడు. "దీంట్లో మూడువందల అరవైమంది పిల్లోళ్ళు ఉండారు లింగప్పా. అచ్చేసినాక కూడా అంతమందే ఉండాల."