మాలిని నిద్ర

గాంధీపురం దగ్గరి తమిళ ప్రాథమిక పాఠశాలలో, పిల్లలు వెళ్ళిపోయాక, మూడో తరగతి టీచరూ మాలిని తల్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. టీచరుదీ తెలుగిల్లే.

“మాలిని దినమూ క్లాసులో నిద్రపోతా ఉందమ్మా. పొద్దున ఏమన్నా తింటాదా?”

“ఇడ్లీ తినే వస్తాది, టీచర్.”

“రాత్రి టీవీ, ఫోను చూస్తాదా?”

“లేదు. నా పక్కనే పండుకొని, కండ్లు మూయకుండా నన్నే చూస్తా ఉంటాది.”

“ఎందుకట్లా?”

“వాళ్ళ నాయన ఆడి నెలలో, మన ఆషాఢంలో, రాత్రి పండుకొన్నారు, తెల్లారి లేవలేదు. బిడ్డే పోయి లేపి చూసింది.”

టీచరు కుర్చీ ముందుకు జరుపుకొన్నారు.

“చిన్నబిడ్డ తొమ్మిదికల్లా నిద్రపోవాల కదమ్మా.”

“చెప్తానే ఉండా, టీచర్. ఇంట్లో నిద్రపోవాలంటే భయమంట. ఇక్కడైతే మీరు లేపుతారంట.”