కౌంటరు దాటని అభిప్రాయాలు: శ్రీ వీరభద్రరావు గారి పదవీ విరమణ వేళ

పంతొమ్మిది వందల తొంభయ్యవ సంవత్సరం జూన్ నెల నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, నూజివీడు మామిడి వర్తకుల సంఘం వారి పఠన మందిరంలో సహాయ గ్రంథపాలకులుగా శ్రీ మాజేటి వీరభద్రరావు గారు బాధ్యతలు స్వీకరించారు. కోతలు ముగింపుకొచ్చిన రోజులు కావడం వల్ల మందిరం సగానికి పైగా ఖాళీ బుట్టలతోనూ వరిగడ్డితోనూ నిండి ఉండగా, పుస్తకాల బీరువాలు ఎక్కడున్నాయో వెతుక్కోవడంలోనే వారికి తొలి దినం గడిచిందని సంఘం పెద్దలు చెబుతారు. సాయంత్రానికి బీరువాలు దొరికాయి. వాటి తాళాలు మాత్రం మరుసటి వారం దొరికాయి.

ముప్పై ఆరేళ్ళ సేవానంతరం ఈ మే నెలాఖరున విరమణ పొందుతున్న వారిపై అభినందన వ్యాసం రాయవలసిందిగా సంచిక సంఘం తీర్మానించినప్పుడు, వీరభద్రరావు గారు స్వయంగా విచ్చేసి ఒక ఆజ్ఞ జారీ చేశారు. "శాలువాలు కప్పండి, దండలు వెయ్యండి, కాదనను. కానీ నా గురించి 'బాగున్నారు' అని మాత్రం రాయొద్దండీ. ఆ మాట ఇన్నేళ్ళూ విని విని నా చెవులు కాయలు కాశాయి. అభిప్రాయం అంటే అభిప్రాయంలా ఉండాలి." ఆ ఆజ్ఞను శిరసావహించి రాసిన వ్యాసం గనుక, ఇందులో వారికి రుచించనిది ఏదైనా ఉంటే ఆ బాధ్యత కూడా సవినయంగా వారికే సమర్పిస్తున్నాం.

ఆగిరిపల్లిలో కిరాణా వ్యాపారం చేసుకునే కుటుంబంలో జన్మించి, తూకపు రాళ్ళ నడుమ పుస్తకం పట్టుకున్నందుకు తండ్రిగారి చేత చీవాట్లు తిన్న వీరభద్రరావు గారు, ఉద్యోగంలో కుదురుకున్న నాలుగేళ్ళకు పఠన మందిరంలో ఒక వినూత్న ఆచారానికి శ్రీకారం చుట్టారు. పుస్తకం తిరిగి ఇచ్చే ప్రతి పాఠకుడూ దాని మీద ఒక్క మాటైనా చెప్పి తీరాలి. మాట చెప్పనిదే ముద్ర పడదు, ముద్ర పడనిదే మరో పుస్తకం చేతికి రాదు. జుర్మానా అయినా కడతాం గానీ ఈ పరీక్ష ఏంటని తొలినాళ్ళలో సణిగినవారు సైతం క్రమేణా ఆ ఒక్క మాట కోసమే పుస్తకం పూర్తిగా చదవసాగారు.

ఆ విధంగా మందిరానికి చేరిన అభిప్రాయాల వైవిధ్యం అపారం. తమ మాటలను చెప్పుకోవడానికి అభ్యంతరం లేదన్న పాఠకులవి కొన్ని ఇక్కడ ఉదహరిస్తున్నాం. వంటల పుస్తకం తిరిగిచ్చిన ఒక గృహిణి, "అన్నిటికీ ఉప్పు తగినంత అని రాశారండీ. తగినంత ఎంతో తెలిస్తే ఈ పుస్తకం నాకెందుకు?" అన్నారు. అపరాధ పరిశోధన నవల చదివిన కాయల వ్యాపారి నారాయణరావు గారు, హంతకుడి పేరు ఎవరో పెన్సిలుతో మొదటి పేజీలోనే రాసిపెట్టారని ఫిర్యాదు చేస్తూనే, "దొంగెవరో తెలిశాక ఇంకా బాగుందండీ, వాడెంత అమాయకంగా మాట్లాడతాడో" అని ముక్తాయించారు. అంటు కట్టే విధానంపై వచ్చిన గ్రంథాన్ని చాట్రాయి రైతు ఒకరు, "ఈ రాసినాయన చెట్టెక్కిన మనిషి కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కాశీయాత్ర పుస్తకంలో గుళ్ళన్నీ ఉన్నాయిగానీ రచయిత ఎక్కడ భోంచేశాడో లేదని ఆటో నడిపే సంతోష్ కుమార్ నిలదీశారు. సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకునే సాహితి ఒక కవితా సంపుటిని వారం గడవకుండానే తెచ్చి, "అర్థం కాలేదు సార్, మళ్ళీ రాసుకోండి" అని అదే పుస్తకం తిరిగి పట్టుకెళ్ళింది.

ఆచారం వేళ్ళూనుకున్న మూడవ ఏట ఒక అపశ్రుతి దొర్లింది. నాటి సంఘం పెద్ద ఒకరు తాము రచించిన పద్యాల పుస్తకాన్ని మందిరానికి బహూకరించగా, తోట కౌలుకు చేసుకునే ఒక పాఠకుడు, "ఇన్ని పద్యాల్లో ఒక్కటీ చెవికెక్కలేదండీ" అని కౌంటరు దగ్గర నిజం పలికాడు. ఆ మాట సాయంత్రానికి చేరవలసిన చోటికి చేరింది. మర్నాడు సంఘం వారి అంగట్లో అతని కాయల లాటు వేలం పాటకు వచ్చేసరికి మిట్ట మధ్యాహ్నమైంది, కాయలు ఎండకు వడిలిపోయాయి. వీరభద్రరావు గారు ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడి వచ్చారో ఎవరికీ తెలియదుగానీ, వచ్చిన వెంటనే గోడ మీద స్వహస్తాలతో రాశారు. కౌంటరు దగ్గర చెప్పిన మాట కౌంటరు దాటరాదు, విన్నవారు మరొకరికి చెప్పరాదు. ఆ నియమం నేటికీ అమలులో ఉంది.

రెండు వేల నాలుగులో గ్రంథపాలకులుగా పదోన్నతి పొందిన పిమ్మట, పాఠకుడు మందిరానికి రాలేకపోతే మందిరమే పాఠకుడి వద్దకు పోవాలన్న సంకల్పంతో, ప్రతి శుక్రవారం రెండు సంచుల నిండా పుస్తకాలు నింపుకొని ఆర్టీసీ బస్సులో చాట్రాయి వెళ్ళి, తోటల్లో కోతకు వచ్చిన వారికి పంచి, కిందటి వారం ఇచ్చినవి తెచ్చేవారు. సొన మరకలు పడ్డ పుస్తకాలను చూసి తనిఖీకి వచ్చినవారు నొసలు చిట్లిస్తే, "మరక పడిందంటే తెరిచారని కదండీ అర్థం" అని సమాధానమిచ్చిన సహృదయులు వారు.

అయితే అభిప్రాయం కోరడం వేరు, దాన్ని భరించడం వేరు. వీరభద్రరావు గారికి మొదటిది వచ్చినంతగా రెండవది రాలేదు. కాయలు గ్రేడింగు చేసే సుసన్నా గారు ఒక రాజుల నవల తిరిగిస్తూ, "ఈ రాజు పొద్దస్తమానం ఏడుస్తానే ఉంటాడండీ, మరి రాజ్యం ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ ప్రశ్నకు బదులుగా వారు కరుణరస ప్రాధాన్యంపై అరగంట ప్రసంగించగా, ఆవిడ ఎక్కవలసిన ఆగిరిపల్లి బస్సు వెళ్ళిపోయింది. తదుపరి పుస్తకం తెచ్చినప్పుడు సుసన్నా గారు, "బాగుందండీ" అని ముద్ర వేయించుకొని చక్కా పోయారు. ఆ కిటుకు ఊరంతా పాకడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఇటువంటి తరుణంలో, రెండు వేల పన్నెండులో, శ్రీమతి లీదియా గారు సహాయ గ్రంథపాలకురాలిగా చేరారు. ఉపాధ్యాయుల ఇంట పుట్టిన మితభాషిణి. ఎవరు పుస్తకం తెచ్చినా కలం కింద పెట్టి, తల కాస్త పక్కకు వంచి వింటారు. అంతే, ఇంకేమీ చేయరు. ఏడాది తిరిగేసరికి పుస్తకాలన్నీ ఆవిడ బల్ల మీదికే రాసాగాయి. వీరభద్రరావు గారి బల్లకూ ఆ బల్లకూ మధ్య దూరం బారెడే అయినా, నెత్తి మీద పాత ఫ్యాను చేసే చప్పుడులో ఒక్క ముక్క వినబడేది కాదు. పెదవులు కదలడం కనబడేది, నవ్వులు వినబడేవి. అక్షరాలా చెప్పాలంటే, వారికి కుళ్ళు పుట్టింది. ఆచారం పెట్టింది తాను, గోడ మీద రాసింది తాను, వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నది మరొకరు. భోజనాల వేళ, "లీదియా గారికి పనెక్కువైపోతోంది పాపం" అని వారు సానుభూతి ప్రకటించినప్పుడల్లా సిబ్బంది తలలు వంచుకొని అన్నం కలుపుకునేవారు.

రెండు వేల ఇరవై ఒకటిలో ఈ కుళ్ళుకు ఎరువు పడింది. ఏళ్ళ తరబడి శుక్రవారపు ప్రయాణాలలో సమకూర్చుకున్న అనుభవ సారంతో వీరభద్రరావు గారు 'చాట్రాయి బస్సు' అనే నవల రచించి, 'సుధాంశు' అన్న మారుపేరుతో అచ్చు వేయించి, గుట్టుచప్పుడు కాకుండా కొత్త పుస్తకాల వరుసలో నిలబెట్టారు. రచయిత ఎవరో తెలియకపోతే పాఠకుడు నిజం చెబుతాడని వారి ఆశ. రచయిత ఎవరో నూజివీడులో తెలియనివారు లేరన్నది వారికి తెలియని సంగతి. పుస్తకం తెగ తిరిగింది. అట్ట ఊడితే లీదియా గారే అతికించారు. తిరిగిచ్చిన ప్రతివారూ ఆవిడ దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడారు. నవ్వినవారున్నారు, ఒకరు కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకు నవ్వారో, ఎక్కడ ఏడ్చారో అడుగుదామంటే గోడ మీద తమ అక్షరాలే ఎదురుగా కనబడుతున్నాయి.

ఒకనాడు వారు ఉండబట్టలేక, 'పుస్తకాలు ఇచ్చట తిరిగి ఇవ్వవలెను' అన్న బోర్డును లీదియా గారి బల్ల మీద నుంచి తీసి తమ బల్ల మీద ప్రతిష్ఠించుకున్నారు. పాఠకులు క్రమశిక్షణతో ఇటే వచ్చారు. వంటల పుస్తకం బాగుందండీ. యుద్ధ చరిత్ర బాగుందండీ. హోమియో వైద్యం బాగుందండీ. 'చాట్రాయి బస్సు' పట్టుకొచ్చిన సంతోష్ కుమార్ వారి ముఖం వంక ఒక క్షణం చూసి, "చాలా బాగుందండీ" అన్నారు. ఆ 'చాలా' ఒక్కటే ఆ వారం మొత్తం మీద వారికి దక్కిన అదనపు సొమ్ము. శనివారం సాయంత్రం వారే బోర్డును తీసుకెళ్ళి ఉన్నచోట పెట్టి, "ఫ్యాను గాలి అటే బాగా వస్తుంది, జనానికి సుఖం" అన్నారు. లీదియా గారు, "థ్యాంక్సండీ సార్" అని మాత్రం అన్నారు.

విరమణ తేదీ ఖరారయ్యాక వారు పట్టు సడలించి సూటిగానే అడిగారు. "అమ్మా లీదియా, నాకు శాలువా వద్దు, జ్ఞాపిక వద్దు. ఆ నవల మీద వాళ్ళు ఏమన్నారో చెప్పు చాలు. వెళ్ళిపోయేవాణ్ణి, ఎవరికి చెబుతాను?"

"మీరు రాసిన నియమమే కదా సార్."

"నేనే రద్దు చేస్తున్నాననుకో."

"చెప్పినవాళ్ళు నియమం ఉందనే కదండీ నాతో చెప్పింది. ఇప్పుడు మీరు తీసేస్తే వాళ్ళకి నేనేం చెప్పను?"

వీరభద్రరావు గారు గోడ మీది తమ రాత వైపు చూసి, తాము నియమించిన వారిలోకెల్లా ఉత్తమురాలు ఈవిడేనని ఆ సాయంత్రం సంచిక సంఘంతో అన్నారు. అంటున్నప్పుడు వారి ముఖం వేపకాయ నమిలినట్టుగా ఉందని కూడా ఇక్కడ నమోదు చేయడం మా విధి.

గత ఆదివారం సంచికకు ఛాయాచిత్రం కోసం సంఘ సభ్యులమూ, మాతో పాటు లీదియా గారూ, వారి స్వగృహానికి వెళ్ళడం జరిగింది. ధర్మపత్ని శ్రీమతి రాజ్యలక్ష్మి గారు చిన్న రసాలు పళ్ళెంలో పెట్టి తెచ్చారు. మాటల సందర్భంలో వీరభద్రరావు గారు నిట్టూర్చి, "నా పుస్తకం ఊరంతా చదివారు. ఇంట్లోవాళ్ళే ముట్టుకోలేదు" అన్నారు.

రాజ్యలక్ష్మి గారు పళ్ళెం కింద పెట్టారు. "ఎవరన్నారండీ? నాలుగుసార్లు చదివాను. శుక్రవారాలు మీరు చాట్రాయి వెళ్ళినప్పుడు మందిరానికెళ్ళి తెచ్చుకునేదాన్ని. తిరిగిచ్చినప్పుడల్లా లీదియా గారికి చెప్పాను కూడాను."

ఇన్నేళ్ళుగా బయటివారి మాటల కోసం పడిన అసూయ ఒక ఎత్తు, కట్టుకున్న భార్య మాట కూడా ఆ బల్ల దగ్గరే దాగి ఉందని తెలియడం ఒక ఎత్తు. వీరభద్రరావు గారి చెవులు ఎర్రబడ్డాయి. వారు లీదియా గారి వైపు తిరిగారు. ఆవిడ మామిడిపండు మీద నుంచి చూపు ఎత్తకుండా, "నేను చెప్పకూడదండీ. అమ్మగారు చెప్పుకోవచ్చు, ఆవిడ మాట ఆవిడది" అన్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు వారు భార్యతో.

"మీరు అడగలేదుగా. ఆవిడ అడిగింది."

వారు మెల్లగా అడిగారు. "ఎలా ఉంది?"

"బస్సు బయల్దేరడానికే ముప్పై పేజీలు పట్టిందండీ. నేనైతే దిగి ఆటో ఎక్కేసేదాన్ని."

"అది వాతావరణ చిత్రణ, దాని ఉద్దేశం..." అని మొదలుపెట్టి, భార్య పళ్ళెం అందుకోవడం చూసి ఆగిపోయారు. చూస్తుండగా పెదవులు బిగించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. రాజ్యలక్ష్మి గారు పళ్ళెం మళ్ళీ కింద పెట్టారు.

"ఆ కండక్టరు పెళ్ళాం పొద్దున్నే లేచి క్యారేజీ కడుతుంది. ప్రతి అధ్యాయంలోనూ కడుతుంది. పుస్తకం మొత్తం మీద ఒక్క మాట మాట్లాడదు. ఆవిడకి నోరు లేదనుకున్నారా, లేక మీరు వినలేదా?"

వీరభద్రరావు గారు ఈసారి కరుణరసం ఊసు ఎత్తలేదు. ఛాయాచిత్రం తీయవలసిన సభ్యుడు ఆ పని మానేసి కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. రాజ్యలక్ష్మి గారు కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి అధ్యాయంలోంచి రెండో అధ్యాయంలోకి వచ్చారు. లీదియా గారు అందరికీ కళ్ళతోనే సైగ చేయగా, మేమంతా చెప్పులు వేసుకొని బయటికి వచ్చేశాం. అందుకే ఈ సంచికలో వారి పాత ఛాయాచిత్రమే ప్రచురితమైనందుకు పాఠకులు మన్నించగలరు.

మిగతా పాఠకుల మాటలు లీదియా గారి వద్దే భద్రంగా ఉన్నాయి, వాటి మీద వీరభద్రరావు గారి కుళ్ళూ చెక్కుచెదరకుండా ఉన్నదని తెలియవచ్చింది. అయితే నిన్న మందిరానికి వచ్చినప్పుడు రాజ్యలక్ష్మి గారి వ్యాఖ్యానం నాలుగవ అధ్యాయం వద్దకు చేరిందని, అంతవరకూ తాము నోరు విప్పలేదని వారు ఒకింత గర్వంగా ప్రకటించారు. నవలలో ఇంకా అనేక అధ్యాయాలున్నాయి. అవి ముగిశాక ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం మీద కూడా తమకు ఒకటి రెండు అభిప్రాయాలున్నాయని రాజ్యలక్ష్మి గారు సెలవిచ్చారు. అవన్నీ ఆసాంతం వినడానికి చాలినంత ఆయుష్షును, ఆరోగ్యాన్ని, చెవులకు చురుకును, నోటికి నిగ్రహాన్ని భగవంతుడు శ్రీ వీరభద్రరావు గారికి నిండుగా ప్రసాదించుగాక.